అరవై దగ్గర ఆపిన క్యారమ్ ఆట

ముందుగా, ఆ పని ఏమిటంటే

నేను కలకత్తాలో కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఒక కంపెనీలో టెస్టింగ్ చేసి రిటైర్ అయ్యాను. ఈ మాట చెప్పగానే పెళ్లిళ్లలో మన తెలుగువాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "అంటే రోజంతా ఆటలాడుకుని జీతం తీసుకున్నావా?" అవును, తీసుకున్నాను. కాకపోతే ఒకే ఆటని, ఒకే చోట, ఒకే తప్పు మళ్లీ కంటబడేదాకా ఆడాను. కొన్ని వారాలకి ఆ ఆట పేరు వింటేనే వికారం పుడుతుంది. అసలు ఉద్యోగం అప్పుడు మొదలవుతుంది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఏ కోర్సు చదవాలి, ఏ సర్టిఫికెట్ మంచిది అని నన్ను అడుగుతుంటారు. నాకు తెలియదు. నేను చేరినప్పుడు అలాంటి కోర్సులే లేవు. తప్పుని ఎలా పట్టుకోవాలో తెలుసు. పట్టుకున్నాక దాన్ని పైవాళ్ల చేత ఎలా ఒప్పించాలో కూడా తెలుసు. మొదటిదాని కంటే రెండోదానికే నా జుట్టు ఎక్కువ నెరిసింది. ఆ రెండూ ఒకే ఆటలో కలిసొచ్చిన సంగతి ఒకటి చెబుతాను. చీర కట్టుకున్నదానికి కాలర్ ఉండదు గానీ, ఉంటే ఆ ఆట పేరు చెప్పి ఈనాటికీ ఎగరేసేదాన్ని.

మాది ఖిదిర్‌పూర్. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కార్పొరేషన్‌లో నీటి పైపుల పనికి చేరాడు. నేనూ, మా తమ్ముడు అప్పలనాయుడూ ఇక్కడే పుట్టి పెరిగాం. లెక్కలతో డిగ్రీ చేసి, చాలా ఏళ్లు ఆఫీసు లెక్కల సాఫ్ట్‌వేర్లు పరీక్షించి, నడివయసులో సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్‌లోని ఈ ఆటల కంపెనీకి వచ్చాను. అప్పటికి వామపక్ష ప్రభుత్వం చివరి ఏళ్లు. ఒకవైపు ఎర్ర జెండాల ఊరేగింపులు, ఇంకోవైపు అద్దాల భవనాలు. మా గదిలో మా మేనేజర్ తర్వాత పెద్దదాన్ని నేనే. అందుకని కుర్రాళ్లందరికీ "పార్బతీ-ది"ని, అంటే పార్వతి అక్కని, అయిపోయాను. ఇంట్లో మాత్రం పార్వతినే.

సుబీర్-దా, ఆయన పౌడర్ పిచ్చి

మా మేనేజర్ సుబీర్-దా ఉత్తర కలకత్తా మనిషి. ఇక్కడ దా అన్నా, దాదా అన్నా అన్నయ్యే. వాళ్ల వీధి క్లబ్బులో క్యారమ్స్ ఛాంపియన్. ఆ సంగతి ఆయనతో రెండు నిమిషాలు మాట్లాడినవాళ్లందరికీ తెలిసిపోయేది, ఎందుకంటే మాట్లాడుతూనే వేళ్లతో గాలిలో స్ట్రైకర్ కొట్టేవాడు. అంతవరకూ మా కంపెనీ ఇతరుల ఆటలకి బొమ్మలు గీసి, పరీక్షించి పెట్టేది. మా సొంత ఆట అంటూ మొదలుపెట్టింది ఆయనే. ఇంటర్నెట్ మీద ఇద్దరు ఆడుకునే క్యారమ్స్. ముంబైలోని ఒక కంపెనీ వచ్చి చూస్తామని, నచ్చితే కొని దేశమంతా విడుదల చేస్తామని అంది. నచ్చకపోతే ఏమవుతుందో కూడా మా యజమాని చెప్పేశాడు. ఆటల గదికి తాళం పడుతుంది, మేమంతా పై అంతస్తులో జీతాల సాఫ్ట్‌వేర్ రాసుకోవాలి. నేను ఆ లెక్కల నుంచే పారిపోయి వచ్చాను. మళ్లీ అక్కడికి వెళ్లడమంటే నాకు నిజంగా భయం వేసింది.

ఆటలో కాయిన్లు ఎలా కదలాలో, ఎలా గుద్దుకోవాలో రాసినవాడు శ్రీకాంత్. వరంగల్ నుంచి కొత్తగా వచ్చిన ప్రోగ్రామర్, చురుకైనవాడు. నాతో తెలుగు మాట్లాడొచ్చని మొదటిరోజే నా పక్క బల్ల పట్టేశాడు. వాడు రాసిన బోర్డుని సుబీర్-దా ఆడి చూసి, మొహం చిట్లించి, బెంగాలీలో అందరికీ వినపడేలా అన్నాడు.

"ఇదేంటి శ్రీకాంతో, మీ ఊళ్లో బోర్డు మీద ఇసుక చల్లి ఆడతారా? జారాలి! స్ట్రైకర్ కొడితే గోడ గోడనీ పలకరించి రావాలి!"

ఇక్కడి వీధి క్లబ్బుల్లో క్యారమ్ బోర్డు మీద బోరిక్ పౌడర్ మనం ఇడ్లీలో కారప్పొడి వేసుకున్నట్టు వేసుకోరు, గుప్పెళ్లతో కుమ్మరిస్తారు. ఆ బోర్డు మీద కాయిన్ ఒకసారి కదిలిందంటే ఆగదు. సుబీర్-దాకి అదే కావాలి. శ్రీకాంత్ పాపం జారుడు పెంచుతూ పోయాడు. ప్రతిసారీ "ఇంకొంచెం" అనేవాడాయన.

"అక్కా, గీయనకు బోర్డు గాదు, ఐసుగడ్డ గావాలె" అని శ్రీకాంత్ నా దగ్గర గొణిగాడు.

చివరికి ఐసుగడ్డే ఇచ్చాడు. ఆఫీసులో అందరం ఆడాం, కేకలు వేశాం, ఒక్క తప్పూ కనపడలేదు. ఆట అద్భుతంగా ఉందని నేనే రిపోర్టు రాశాను.

బంద్ రోజు

ఆ రోజుల్లో కలకత్తాలో బంద్ అంటే బస్సులూ ట్యాక్సీలూ ఉండవు, వీధుల నిండా క్రికెట్, అరుగుల మీద క్యారమ్స్. పని ఆగకూడదని సెక్టార్ ఫైవ్‌లో కొందరు ముందురోజే బట్టల సంచీతో వచ్చి ఆఫీసులో పడుకునేవాళ్లు. ఆ బంద్‌కి శ్రీకాంత్ అలాగే ఆఫీసులో ఉండిపోయాడు. నేను ఇంట్లో చిక్కుపడ్డాను. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. మా వీధి చివర అప్పలనాయుడు నడిపే ఇంటర్నెట్ సెంటర్‌కి నడిచి వెళ్లాను. వాడు షట్టర్ సగం దించుకుని కునుకు తీస్తున్నాడు.

"లెగరా, క్యారమ్స్ ఆడదాం" అన్నాను.

"ఏటప్పా, బందు నాడు కూడా ఒగ్గవా నన్ను?" అంటూ లేచాడు. అప్ప అంటే మా వైపు అక్క. క్యారమ్స్ అనేసరికి వాడికి నిద్ర ఎటు పోయిందో పోయింది.

వాడు తన కంప్యూటర్ మీద, శ్రీకాంత్ ఆఫీసులో. నేను ఫోన్ చెవికి పెట్టుకుని వాడి వెనక నిలబడ్డాను. కాసేపు బాగానే సాగింది. తర్వాత మా వాడు ఒక దెబ్బ కొట్టాడు. దారిలో నల్ల కాయిన్ అడ్డం ఉంది, అయినా స్ట్రైకర్ వెళ్లి రెడ్‌ని తాకింది, రెడ్ పాకెట్‌లో పడింది.

"ఓలప్పా, సూసేవా! పడిపోనాది రెడ్డు!" అని కుర్చీలోంచి ఎగిరాడు.

ఫోన్లో శ్రీకాంత్. "యాడ వడ్డది? రెడ్డు ఉన్నకాడ్నే ఉన్నది. ఆయన నల్లదాన్ని గొట్టిండు."

అప్పలనాయుడు ఫోన్ లాక్కున్నాడు. "ఏటి బాబూ, ఓడిపోతన్నావని కళ్లు కూడా కనపడ్డం నేదేటి నీకు?"

"అన్నా, నా కళ్లు మంచిగనే ఉన్నయ్. నీ డబ్బానే ఖరాబైంది."

"నా డబ్బానంటావా!"

ఇద్దరూ కొట్టుకోకపోవడానికి కారణం మధ్యలో బంద్ ఉండటమే. నేను ఫోన్ లాక్కుని ఆట కొనసాగించమన్నాను. రెండు బోర్డులూ దెబ్బదెబ్బకీ దూరమైపోయాయి. శ్రీకాంత్ బోర్డులో ఉన్న కాయిన్ మా వాడి బోర్డులో లేదు, ఇక్కడున్నది అక్కడ లేదు. ఇద్దరూ ఒకే ఆట ఆడుతున్నామనుకుంటూ వేరువేరు ఆటలు ఆడుతున్నారు. ముంబై వాళ్లు రావడానికి ఎంతో వ్యవధి లేదు.

అనుమానం ఎవరి మీద

పిల్లలూ, తప్పు కనిపించగానే ప్రతివాడూ తనకి ఇష్టంలేనివాటి మీద నేరం మోపుతాడు. శ్రీకాంత్ మా తమ్ముడి డబ్బా అన్నాడు. మా తమ్ముడు శ్రీకాంత్ కళ్లన్నాడు. నేను ఇంటర్నెట్ లైన్ అనుకున్నాను. మర్నాడు ఆఫీసుకి వెళ్లగానే ముందు నా అనుమానాన్నే పరీక్షించాను. మా ఆటలో లైన్ మీద వెళ్లేది చాలా కొంచెం. స్ట్రైకర్ ఎక్కడ పెట్టారు, ఏ వైపు, ఎంత బలంగా కొట్టారు, అంతే. కాయిన్లు ఎటు దొర్లాలన్నది ఎవరి కంప్యూటర్ వాళ్ల దగ్గరే లెక్కకడుతుంది. మా తమ్ముడి దెబ్బ వివరాలు రెండు వైపులా తేడా లేకుండా ఉన్నాయి. లైన్ నిర్దోషి.

అప్పుడు శ్రీకాంత్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఒకే కంప్యూటర్ మీద అదే దెబ్బని మళ్లీ మళ్లీ కొట్టించాను. ఒక్కటే మార్చాను, ఫ్రేమ్ రేట్. అంటే తెర మీద సెకనుకి ఎన్ని బొమ్మలు గీయాలన్నది. మా ఆఫీసు కంప్యూటర్లన్నీ ఒకే లాటులో కొన్నవి, అన్నీ సెకనుకి వంద గీసేవి. వందతో కొడితే స్ట్రైకర్ నల్ల కాయిన్‌ని గట్టిగా గుద్దింది. అరవైతో కొడితే దాన్ని రాసుకుంటూ పోయింది. ముప్ఫైతో కొడితే నల్ల కాయిన్ అసలు లేనట్టే దాని మీదుగా వెళ్లి రెడ్‌ని పడేసింది. మా తమ్ముడి ఘనమైన దెబ్బ రహస్యం అదన్నమాట.

నేను ఏమీ అనలేదు. శ్రీకాంత్ ఇంకోసారి చూపించమన్నాడు, చూపించాను. కాసేపటికి వాడే అన్నాడు.

"నేను రాసిందే గిట్లుంది అక్కా. బొమ్మ గీసినప్పుడల్ల కాయిన్లను ఒక అడుగు జరిపిన. మిషన్ జల్ది గీస్తే చిన్న చిన్న అడుగులు. మెల్లగ గీస్తే పెద్ద అడుగులు."

వానాకాలం మా ఖిదిర్‌పూర్ వీధిలో చిన్నపిల్ల నడిస్తే ప్రతి గుంటలోనూ కాలు పెడుతుంది, పొడుగాటివాడు ఒక్క అంగలో దాటేస్తాడు. అదే జరిగింది. పెద్ద అంగ వేసిన స్ట్రైకర్ కాలికి కాయిన్ తగల్లేదు. ఇసుక చల్లినట్టున్న పాత బోర్డు మీద ఈ తేడా పెద్దగా తెలిసేది కాదు. సుబీర్-దా పౌడర్ కుమ్మరించాక స్ట్రైకర్ వేగం పెరిగింది, చాలాసేపు తిరిగింది, గోరంత తేడా కొండంత అయింది. క్యారమ్స్ మీద ఇంత ప్రేమ లేని ఊళ్లో అయితే ఈ తప్పు పుట్టేదే కాదు.

ఒక్కమాట. తప్పు చేసినవాడికి "నీది తప్పు" అని చెప్పకండి. చూపించి నోరు మూసుకోండి. నోరు మూసుకోవడం ఈ వృత్తిలో అన్నిటికంటే కష్టమైన పని, నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను.

పచ్చ అంకె

ఆటలో తెర మూల పచ్చటి అంకె ఒకటి ఉండేది, సెకనుకి ఎన్ని బొమ్మలో చెప్పేది. సుబీర్-దాకి అది ప్రాణం. ఎవరొచ్చినా ముందు దాన్ని చూపించేవాడు. "చూడండి, వంద! నూనెలా జారుతోంది!" అలాంటి మనిషి దగ్గరికి వెళ్లి, దాన్ని అరవై దగ్గర ఆపేద్దామని చెప్పాను. అరవై అయితే మామూలు కంప్యూటర్లు చాలావరకు అందుకోగలవు, అందరివీ ఒకే అడుగులు పడతాయనుకున్నాను, మా తమ్ముడి ముప్ఫై సంగతి ఆ హడావిడిలో మర్చేపోయాను.

ఆయన టీ కప్పు బల్ల మీద పెట్టేశాడు. "పార్బతీ, ముంబై వాళ్లు ముందు ఆ అంకెనే చూస్తారు. రెండు కొత్త కంప్యూటర్ల మీద చూపిద్దాం. రెండూ వందే, ఏ గొడవా ఉండదు. ఒప్పందం అయ్యాక తీరిగ్గా బాగుచేసుకుందాం."

ఇలా అన్న బాస్‌లని నేను చాలామందిని చూశాను. ఆయన మోసగాడు కాదు, భయపడ్డాడు, అంతే. భయపడ్డ బాస్‌కి లెక్కలు చెప్పి లాభం లేదు. ఆయనకి దేనిమీద ప్రేమో దాన్ని గుర్తుచేయాలి.

"దాదా, మీ క్లబ్బులో ఇటు కూర్చున్నవాడికి ఒక బోర్డు, అటు కూర్చున్నవాడికి ఇంకో బోర్డు వేసి పోటీ పెడతారా?" అని అడిగాను.

ఆయన నా వైపు చాలాసేపు కోపంగా చూశాడు. ఆ కోపం నా మీద కాదని తెలుస్తూనే ఉంది. "సరే, ఆపండి. కానీ అంకె ఎందుకు తగ్గిందని వాళ్లు అడిగితే నువ్వే జవాబు చెప్పాలి" అన్నాడు.

సగం మందు

అరవై దగ్గర ఆపేశాం. ఆఫీసులోని కంప్యూటర్లన్నీ బుద్ధిగా ఒకే మాట మీదికి వచ్చాయి. శ్రీకాంత్ పొంగిపోయాడు. నేను అప్పలనాయుడికి ఫోన్ చేసి ఆడమన్నాను. మళ్లీ తేడా! వాడి పాత డబ్బా ముప్ఫై ముక్కీ మూలిగీ గీస్తుంది. పైన గీత గీసి ఇంతకు మించొద్దంటే కిందున్నవాడు లేచి రాడు కదా. ఫ్రేమ్ రేట్‌కి పరిమితి పెట్టడం మంచి మందే, కానీ సగం మందు. ఇప్పటికీ చాలామంది కుర్రాళ్లు ఆ సగం మింగి రోగం తగ్గిందనుకుంటున్నారు.

మిగతా సగం శ్రీకాంతే కనిపెట్టాడు. కాయిన్ల కదలికని బొమ్మల నుంచి విడదీసి దానికి సొంత గడియారం ఇచ్చాడు. కంప్యూటర్ ఎన్ని బొమ్మలు గీసినా, కాయిన్లు మాత్రం సెకనుకి అరవై అడుగులే వేస్తాయి. నెమ్మది కంప్యూటర్ రెండు అడుగులు లెక్కకట్టి ఒక బొమ్మ గీస్తుంది. చూడటానికి కొంచెం కుదుపుగా ఉంటుంది గానీ ఆట మాత్రం ఒకటే. వేగంగా ఉన్నది అరవై గీసి ఆగుతుంది.

"పౌడర్ గూడ జర తగ్గిస్తే ఇంక భయమే ఉండదక్కా" అన్నాడు శ్రీకాంత్.

నేను ఒప్పుకోలేదు. ఆ జారుడే ఆ ఆటకి అందం. ఆడేవాడు కేక పెట్టేది దానికోసమే. పౌడర్ విషయంలో సుబీర్-దా పిచ్చి నూటికి నూరుపాళ్లు సరైనది, బాస్ అన్న ప్రతిమాటా కొట్టిపారేసే టెస్టర్లంటే నాకు చిరాకు. జారుడు అలాగే ఉంచి, రెండు వైపులా ఆట ఒకేలా నిలబెట్టమన్నాను. వాడు తల పట్టుకున్నాడు, నిలబెట్టాడు.

ముంబై మేడమ్

చూపించే రోజు వచ్చింది. సుబీర్-దా రెండు కొత్త కంప్యూటర్లు తుడిపించి పెట్టాడు. నేను ఒకదాన్ని తీయించేసి, అప్పలనాయుడి చేత వాడి పాత డబ్బాని తెప్పించాను. దారిలో ఏదో ఊరేగింపు అడ్డం వచ్చి ట్యాక్సీ నత్తలా నడిచిందట. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పసుపురంగుకి తిరిగిన ఆ పెట్టెని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని వచ్చాడు.

సుబీర్-దా దాన్ని చూసి నీరుగారిపోయాడు. "దీన్నా మేడమ్ ముందు పెడతావు?"

"దీన్నే పెడతాను దాదా. జనం ఆడేది ఇలాంటివాటి మీదే."

ముంబై నుంచి కులకర్ణి అనే ఆవిడ వచ్చింది. తక్కువ మాట్లాడే మనిషి. రెండు తెరలూ అందరికీ కనిపించేలా పక్కపక్కన పెట్టాం. ఎవరు ఆడి చూపిస్తారని అడిగి, జవాబు వినకుండానే కొత్త కంప్యూటర్ ముందు తనే కూర్చుంది. మా తమ్ముడు తన డబ్బా ముందు కూర్చున్నాడు. మొదటి దెబ్బతోనే తెలిసిపోయింది, ఆవిడ చిన్నప్పటి నుంచీ క్యారమ్స్ ఆడిన మనిషి.

నేను ఆటగాళ్ల మొహాలు చూడలేదు. ఒక తెర నుంచి ఇంకో తెరకి కళ్లు తిప్పుతూనే ఉన్నాను. పక్కన శ్రీకాంత్ కూడా అంతే. ఒక్క కాయిన్ ఒక్క వెంట్రుకంత పక్కకి ఆగినా మా గదికి తాళమే.

మధ్యలో ఆవిడ ఆగి మూలనున్న అంకె వైపు వేలు చూపించింది. "ఇంత మంచి కంప్యూటర్ మీద అరవయ్యేనా?"

జవాబు చెప్పాల్సింది నేను. నోరు తెరిచేలోగా సుబీర్-దా ముందుకొచ్చాడు. "మేమే ఆపేశాం మేడమ్. అంతకు మించి పరిగెడితే మీకు గొప్ప, ఎదుటివాడికి అన్యాయం. క్యారమ్స్‌లో ఇద్దరికీ బోర్డు ఒక్కటే." ఆ మాట తనే కనిపెట్టినట్టు ఛాతీ విరుచుకుని మరీ చెప్పాడు. నాకు నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

ఆవిడ తలూపి మళ్లీ వంగింది. బోర్డు మీద రెడ్డూ, ఆవిడ తెల్ల కాయిన్ ఒకటీ, మా వాడి నల్లది ఒకటీ మిగిలాయి. మా వాడి నల్లది కరెక్టుగా రెడ్ ముందు అడ్డంగా ఉంది. ఆవిడ స్ట్రైకర్‌ని వెనక గోడకి కొట్టింది. అది మూడు గోడలూ తిరిగి, నల్లదాన్ని రాసుకుని, రెడ్‌ని తాకింది. రెడ్ మెల్లగా జారుతూ జారుతూ పాకెట్ అంచు మీదికి వెళ్లి ఊగింది. రెండు తెరల మీదా ఊగింది. రెండు తెరల మీదా పడింది. వెంటనే ఆవిడ తన తెల్లది కూడా వేసేసింది.

అప్పలనాయుడు తన తెర చూశాడు, ఆవిడ తెర చూశాడు, మళ్లీ తన తెర చూశాడు. ఎక్కడా పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. ఏడుపు మొహంతో నా వైపు తిరిగాడు.

"ఓలప్పా! ఓడిపోనాక సెప్పుకోడానికి సాకన్నా మిగల్చనేదేటి నువ్వు!"

ఆయన ఏమంటున్నాడని కులకర్ణి మేడమ్ అడిగింది. శ్రీకాంత్ హిందీలో చెప్పాడు. అంతవరకూ ఒక్కసారీ నవ్వని మనిషి కుర్చీలో వెనక్కి వాలి పకపకా నవ్వింది. "ఓడినవాడు ఆటని తిట్టలేకపోతే ఆ ఆటని నేను తీసుకుంటాను" అంది.

సుబీర్-దా గెలిచినావిడకి చెయ్యి ఇవ్వడం కూడా మర్చిపోయి, ఓడిపోయిన మా తమ్ముణ్ని కుర్చీలోంచి లేపి గట్టిగా కావలించుకున్నాడు. వాడు ఊపిరాడక "ఒగ్గండి దాదా, ఒగ్గండి" అని తెలుగులో మొత్తుకుంటుంటే, నేనూ శ్రీకాంతూ బల్లలు చరుస్తూ గొంతులు పోయేలా అరిచాం.